మొదటి పది నిమిషాలు

(అగ్నిమాపక వారోత్సవాల సందర్భంగా ఒక చిన్న పట్టణంలో స్వచ్ఛంద అత్యవసర సేవా బృందం ఏర్పాటు చేసిన సభలో, అగ్నిమాపక శాఖ విశ్రాంత ఉద్యోగి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

నేను వక్తను కాను. 31 సంవత్సరాలు అగ్నిమాపక శాఖలో పనిచేసి లీడింగ్ ఫైర్‌మన్‌గా పదవీ విరమణ చేసినవాణ్ణి. మా కొలువులో మాటకు చోటు తక్కువ. గంట మోగితే పరుగెత్తటం, తిరిగి వచ్చాక గొట్టాలు కడిగి ఆరబెట్టుకోవటం, మళ్ళీ గంట కోసం ఎదురుచూడటం. అందువల్ల నేడు నేను చెప్పబోయే మాటల్లో అలంకారాలు ఉండవు. అనుభవం మాత్రమే ఉంటుంది.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు దేశమంతటా అగ్నిమాపక వారోత్సవాలు ఎందుకు జరుపుతారో ముందుగా గుర్తు చేసుకుందాం. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడకు నిప్పంటుకుంది. ఓడలో పత్తి బేళ్ళు ఉన్నాయి, వాటితోపాటే పేలుడు పదార్థాలూ ఉన్నాయి. మంటలార్పుతుండగానే ఓడ పేలిపోయింది. 66 మంది అగ్నిమాపక సిబ్బంది విధి నిర్వహణలో ప్రాణాలర్పించారు. వారిలో వేర్వేరు మతాలవారు ఉన్నారు. వారి స్మృతికి అంజలి ఘటించి నా మాట మొదలుపెడతాను.

సోదరులారా! నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏట జరిగిన ఒక సంఘటన చెబుతాను. ఊరి పేరు చెప్పను. ఆ కుటుంబం ఇప్పటికీ అక్కడే నివసిస్తున్నది.

ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం. దూదేకుల సోదరులు పరుపులు, బొంతలు కుట్టుకునే సందు అది. ఒక ఇంటి ముందు గదిలో దూదేకే యంత్రం, వెనుక గదిలో కాపురం. యంత్రం తీగల వద్ద రేగిన నిప్పురవ్వ దూదిపై పడింది. మాకు కబురందిన నిమిషంలోపే బండి కదిలింది. ఆరు నిమిషాల్లో సందు మొగకు చేరుకున్నాం. అక్కడ ఆగిపోయాం. మా బండి వెడల్పు దాదాపు 8 అడుగులు. సందు వెడల్పు 9 అడుగులే. ఆ తొమ్మిదిలోనే ఒక ఇంటి అరుగు, ఒక కరెంటు స్తంభం, రెండు తోపుడు బండ్లు. చివరికి గొట్టానికి గొట్టం కలుపుకుంటూ, ఇరుకు మలుపుల్లో వాటిని లాక్కుంటూ ఇంటి ముందుకు చేరేసరికి మరో ఎనిమిది నిమిషాలు గడిచిపోయాయి.

అంతవరకు ఆ సందు జనం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మసీదు హౌజు నుంచి వరుసగా నిలబడి బకెట్లు అందించుకున్నారు. పక్క వీధి కమ్మరి సోదరులు గడ్డపారలతో వచ్చారు. ధైర్యానికి ఆ రోజు ఏ లోటూ లేదు. అయితే ఎవరూ మెయిన్ స్విచ్ తీయలేదు. కరెంటు పోని బోర్డుపై నీళ్ళు కుమ్మరించిన యువకుడు షాక్ తిని పడిపోయాడు. లోపలివారికి గాలి ఆడాలన్న మంచి ఉద్దేశంతో మరొకరు మూసి ఉన్న తలుపు తన్ని తెరిచారు. ఆ గాలి మంటకే ఆహారమైంది.

ఆ ఇంటి పెద్దావిడను అందరూ నానీ అని పిలిచేవారు. మంట లేవగానే మనవలిద్దరినీ చేతపట్టుకుని అందరికన్నా ముందు బయటికి వచ్చిన మనిషి ఆమె. వీధిలో నిలబడ్డాక ట్రంకు పెట్టె గుర్తుకు వచ్చింది. అందులో ఇంటి స్థలం పట్టా, భర్త పింఛను కాగితాలు, మనవల బడి సర్టిఫికెట్లు ఉన్నాయి. ఎవరో కొంగు పట్టుకుని ఆపబోయారట. విదిలించుకుని లోపలికి వెళ్ళింది. మేము వెళ్ళేసరికి గడపకు మూడడుగుల దూరంలో పడి ఉంది. ఆమె శరీరంపై ఒక్క కాలిన గాయం లేదు. పెట్టె పిడి ఇంకా చేతిలోనే ఉంది. తరువాత ఆ పెట్టె తెరిచి చూశారు. కాగితం ఒక్కటీ కాలలేదు.

ఆమెను చంపినది మంట కాదు, పొగ. ఈ మాటను ప్రతి ఇంటికీ చేర్చాలన్నదే పదవీ విరమణ తరువాత నా ఏకైక కోరిక.

ఒక్కసారి నిమిషాల లెక్క వేసి చూద్దాం. పట్టణాల్లో 5 నుంచి 7 నిమిషాల్లోను, గ్రామీణ ప్రాంతాల్లో 20 నిమిషాల్లోను అగ్నిమాపక బండి ఘటనా స్థలానికి చేరాలని జాతీయ స్థాయిలోని స్టాండింగ్ ఫైర్ అడ్వైజరీ కౌన్సిల్ సూచించింది. అది నూటికి నూరుపాళ్ళు అమలైందనే అనుకుందాం. పరుపులు, కర్టెన్లు, ప్లాస్టిక్ సామాను ఉన్న గదిలో ఐదు నిమిషాలలోపే మంట గదంతా ఆక్రమించగలదు. పొగ అంతకన్నా ముందే ఆక్రమిస్తుంది. కనుక ప్రభుత్వం ఎంత సమర్థంగా ఉన్నా, సిబ్బంది ఎంత వేగంగా వచ్చినా, మొదటి పది నిమిషాలు ఇంటివారివి, ఇరుగుపొరుగువారివి. ఆ పది నిమిషాల్లో పొరుగువారు ఎలాగూ వస్తారు. పిలవకపోయినా వస్తారు. వచ్చినవారికి ఏం చేయాలో తెలుసునా, తెలియదా అన్నదే ప్రశ్న. స్వచ్ఛంద బృందం అవసరం పుట్టినది అక్కడే.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1736లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన పొరుగువారిని కూడగట్టి స్వచ్ఛంద అగ్నిమాపక దళాన్ని ఏర్పరిచాడు. మనకు మరింత ఆసక్తి కలిగించే చరిత్ర ఇస్తాంబుల్‌ది. అది చెక్క ఇళ్ళ నగరం. ఒక్క ఇల్లు అంటుకుంటే పేటలకు పేటలే బూడిదయ్యేవి. 1720 ప్రాంతంలో ఫ్రాన్సు నుంచి వచ్చి ఇస్లాం స్వీకరించిన దావూద్ ఆగా చేతి పంపుతో పనిచేసే తులుంబాజీ దళాన్ని నెలకొల్పాడు. అది జానిసరీ సైన్యానికి అనుబంధంగా ఉండేది. 1826లో ఆ సైన్యం రద్దు కావటంతో ఆ దళమూ చెదిరిపోయింది. కొద్ది వారాలకే నగరాన్ని పెద్ద అగ్నిప్రమాదం కాల్చివేసింది. అనంతర కాలంలో పేటలవారే తమ తులుంబాజీ జట్లను తయారు చేసుకున్నారు. ముస్లింలు, గ్రీకులు, ఆర్మీనియన్లు, యూదులు ఎవరి పేటలో వారు పంపును భుజాలపై మోసుకుంటూ పరుగెత్తేవారు. 1874లో హంగరీ దేశీయుడైన సెచేనీ పాషా ఆధునిక అగ్నిమాపక దళాన్ని నిర్మించేవరకు నగరానికి పెద్ద దిక్కు వారే. ఆ తరువాత కూడా చాలాకాలం కొనసాగారు.

అయితే చరిత్రను నిజాయితీగా చదవాలి. ఆ జట్ల మధ్య పోటీ ముదిరింది. ముందు ఎవరు చేరాలన్న పంతంతో దారిలోనే కొట్లాటలకు దిగిన సందర్భాలున్నాయి. సేవ చేసే చేతికి పేరు మీద ఆశ పుడితే జరిగేది అదే. మన పట్టణంలో ఒక మహల్లాకు ఒక బృందం, మరో వీధికి మరో బృందం, ఒకరి బ్యానరు మరొకరికి కంటగింపు అన్న పరిస్థితి రానీయకండి. పట్టణానికి ఒక్కటే బృందం ఉండాలి. అందులో అన్ని వీధులవారూ ఉండాలి.

జర్మనీ దేశం మరో పాఠం చెబుతుంది. అక్కడ స్వచ్ఛంద అగ్నిమాపక సభ్యులు 10 లక్షల వరకు ఉన్నారు. పెద్ద నగరాలను మినహాయిస్తే చిన్న పట్టణాల్లో, పల్లెల్లో మంటలార్పేది ప్రధానంగా వారే. వడ్రంగి, ఉపాధ్యాయుడు, రైతు తమ పని విడిచి పరుగెత్తుతారు. అలాగని ప్రభుత్వం చేతులు దులుపుకోలేదు. బండి, భవనం, దుస్తులు, శిక్షణ సమకూర్చటం స్థానిక సంస్థ బాధ్యత అని అక్కడి చట్టాలు చెబుతున్నాయి. విధికి వెళ్ళినవారి జీతం కోయరాదు. గాయపడితే బీమా ఉంటుంది. స్వచ్ఛందం అంటే ప్రభుత్వానికి ఉచితం అని అర్థం కాదు. ఈ తేడాను మనం బాగా గుర్తుంచుకోవాలి.

మన దేశంలోనే కేరళ ఉదాహరణ ఉంది. 2018 వరదల్లో మత్స్యకారులు తమ పడవలతో వచ్చి వేలమందిని కాపాడిన సంగతి మీకు తెలుసు. ఆ అనుభవం నుంచి ఆ రాష్ట్రం 2019లో తన అగ్నిమాపక శాఖ కిందనే పౌర రక్షణ దళాన్ని ఏర్పరిచింది. 124 అగ్నిమాపక కేంద్రాలు, కేంద్రానికి 50 మంది చొప్పున 6,200 మంది. ఎవరో ఒకరి ఉత్సాహం మీద ఆధారపడకుండా, శిక్షణనిచ్చి ప్రభుత్వ వ్యవస్థతో ముడివేయటం అందులోని విశేషం. 1968 నాటి పౌర రక్షణ చట్టాన్ని విపత్తులకు కూడా వర్తించేలా 2009లో సవరించారు. కాబట్టి మనం కోరుతున్నది చట్టంలో లేని వింత కాదు.

ఇక మన బృందం సంగతి. రెండేళ్ళ క్రితం ఏడుగురితో మొదలై నేడు 24 మందికి చేరాం. అందులో తొమ్మిది మంది స్త్రీలు. మెకానిక్కులు, టైలర్లు, ఇద్దరు ఎలక్ట్రీషియన్లు, ఒక మందుల దుకాణం యజమాని, డిగ్రీ చదివే పిల్లలు ఉన్నారు. ప్రతి నెలా మొదటి ఆదివారం స్థానిక అగ్నిమాపక కేంద్రం సిబ్బంది వచ్చి సాధన చేయిస్తున్నారు. వారికి కృతజ్ఞతలు.

మేము మొట్టమొదట చేసిన పని మంటలతో కాదు, కాగితంతో. పట్టణంలోని ఇరుకు సందులన్నీ నడిచి కొలిచాం. బండి ఎంతవరకు వస్తుంది, ఎక్కడ ఆగుతుంది, అక్కడి నుంచి ఎన్ని గొట్టాలు కావాలి, దగ్గరలో నీటి తొట్టె ఎక్కడుంది, ఏ ఇంట్లో మంచం పట్టిన వృద్ధులున్నారు, ఏ స్తంభం వద్ద కరెంటు తీయవచ్చు, లైన్‌మన్ ఫోను నంబరేది అన్నవి రాసుకున్నాం. ఆ పటం ఒక ప్రతిని అగ్నిమాపక కేంద్రానికి ఇచ్చాం. నానీ వాళ్ళ సందుకు అలాంటి పటం ఉంటే ఆ ఎనిమిది నిమిషాలు మూడు నిమిషాలయ్యేవని నా నమ్మకం.

రెండో పని వంటగదికి వెళ్ళటం. దేశంలో అగ్నిప్రమాద మరణాల్లో సగానికి పైగా నివాస గృహాల్లోనే సంభవిస్తున్నాయని జాతీయ నేర నమోదు సంస్థ నివేదికలు ఏటేటా చెబుతున్నాయి. వంటగదిలో ఉండేది ఎవరు? మన తల్లులు, మన ఆడపిల్లలు. శిక్షణ మాత్రం మగపిల్లలకు ఇచ్చి ఫొటోలు దిగితే ప్రయోజనమేమిటి? అందుకే మా అక్కాచెల్లెళ్ళు ఇల్లిల్లూ తిరిగి చెబుతున్నారు. వంట గ్యాసు గాలికన్నా బరువైనది. అది పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. వాసన వస్తే లైటు వేయకూడదు, వెలుగుతున్న లైటు ఆర్పనూ కూడదు. రెగ్యులేటర్ కట్టివేసి, తలుపులు, కిటికీలు తెరిచి, అందరూ బయటికి వచ్చి 1906కు ఫోను చేయాలి. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్ళు పోయకూడదు. పొయ్యి ఆర్పి, మూత పెట్టి, దాన్ని కదల్చకుండా వదిలేయాలి. వంట చేసేటప్పుడు పాలియెస్టర్ దుపట్టా వదులుగా వేలాడనీయకూడదు. అది కాలటమే కాదు, కరిగి చర్మానికి అంటుకుంటుంది.

ఒంటికి మంట అంటుకుంటే పరుగెత్తకూడదు. నేల మీద పడి దొర్లాలి. చూసినవారు మందపాటి నూలు దుప్పటి కప్పాలి. కాలిన చోట 20 నిమిషాలపాటు కుళాయి నీటిధార పోయాలి. టూత్‌పేస్టు, సిరా, పసుపు, వెన్న ఏదీ పూయకూడదు. పొగ నిండిన గదిలో నిలబడి నడవకూడదు. పొగ పైన ఉంటుంది, పీల్చదగిన గాలి కింద ఉంటుంది. మోకాళ్ళ మీద పాకుతూ రావాలి. బయటికి వచ్చాక, ఎంత విలువైనది ఉన్నా తిరిగి లోపలికి పోకూడదు.

చివరి మాట చెప్పటం తేలిక, పాటించటం కష్టమని నాకు తెలుసు. “కాగితాలు పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు కదా” అని ఆఫీసరు అనగలడు. ఒక్కొక్క కాగితం కోసం ఎన్ని కార్యాలయాల ముందు నిలబడాలో పేదవానికి తెలుసు. నానీ మూర్ఖురాలు కాదు. ఆమె ప్రాణం కన్నా కాగితం విలువైనదని ఆమెకు నేర్పినది ఆమె జీవితమే. కనుక “లోపలికి పోకండి” అని చెప్పి ఊరుకుంటే చాలదు. లోపలికి పోవలసిన అవసరం లేకుండా చేయాలి. అందుకే మన బృందం శుక్రవారం సాయంత్రాలు ఒక బల్ల వేసుకుని కూర్చుంటున్నది. ఇంటి పట్టా, ఆధార్, రేషన్ కార్డు, సర్టిఫికెట్లు తెస్తే వాటి నకళ్ళు తీయించి, డిజిలాకర్‌లో చేర్చగలిగినవి చేర్పించి, మరో జత వేరే ఇంట్లో ఉన్న బంధువుల వద్ద దాచుకొమ్మని చెబుతున్నాం. నిప్పుకూ నకలు కాగితానికీ సంబంధమేమిటని కొందరు నవ్వారు. నాకు తెలిసిన అగ్నిప్రమాద నివారణ చర్యల్లో ఇంతకన్నా ముఖ్యమైనది లేదు.

మన విజయాలే కాదు, వైఫల్యమూ చెప్పాలి. గత చలికాలంలో ఒక ఇంట్లో గ్యాసు ట్యూబు అంటుకుంది. డిగ్రీ చదివే మా సభ్యురాలు పొరుగింటి నుంచి వెళ్ళి, తడిపిన గోనె సంచిని తన ముందు అడ్డంగా పట్టుకుని సిలిండర్ తలపై కప్పి, రెగ్యులేటర్ కట్టివేసింది. పని పూర్తయ్యేసరికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఆ అమ్మాయి కేకలు వేయలేదు, పరుగెత్తలేదు. అంతకుముందు 11 సార్లు సాధన చేసి ఉంది, అంతే. అదే చలికాలంలో ఒక కిళ్ళీ కొట్టు అంటుకున్నప్పుడు మనవాళ్ళు నాలుగు నిమిషాల్లో చేరుకున్నారు. తీసుకువెళ్ళిన మంటలార్పే సిలిండర్ ముల్లు ఎర్రగీతలో ఉంది. నొక్కితే ఏమీ రాలేదు. ఆరు నెలలుగా ఎవరూ చూడలేదు. ఆ కొట్టు పూర్తిగా కాలిపోయింది. ఆ కొట్టువాడు నన్ను పట్టుకుని, “మామా, మీరొచ్చారని ధైర్యపడ్డానే” అని ఏడ్చాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ నిద్రపోనీయదు. వచ్చి చేయలేకపోవటం రాకపోవటం కన్నా పెద్ద మోసం. ఆ రోజు నుంచి ప్రతి నెలా తనిఖీ చేసి సంతకం పెట్టే పుస్తకం ఉంచాం.

ఇక యువకుల మనసులో ఉన్న ప్రశ్నకు వస్తాను. బృందంలో చేరమని అడిగినప్పుడు ఒక కుర్రవాడు తలవంచుకుని, “చాచా, మంచికి వెళితే రేపు మమ్మల్నే స్టేషనుకు పిలవరా? మా పేరు వినగానే చూపు మారిపోతుంది” అన్నాడు. ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోను. రోడ్డు మీద మనిషి నెత్తురోడుతుంటే మన పిల్లలు బండి ఆపటానికి జంకుతున్నారంటే, అది వారి తప్పు మాత్రమే కాదు. దానికి జవాబు ఉపదేశం కాదు, చట్టం తెలుసుకోవటం.

రోడ్డు ప్రమాద బాధితులను ఆదుకునేవారికి రక్షణ కల్పించే మార్గదర్శకాలను సుప్రీంకోర్టు 2016 మార్చి 30న ఖరారు చేసింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం 134ఎ సెక్షన్ ద్వారా ఆ రక్షణ శాసనమైంది. సద్భావంతో సాయం చేసినవారిపై సివిల్, క్రిమినల్ చర్యలు ఉండవు. 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం పేరు, చిరునామా చెప్పమని బలవంతం చేయరాదు. మతం, జాతీయత, కులం, లింగం ప్రాతిపదికన వివక్ష చూపకుండా గౌరవంగా వ్యవహరించాలి. మతం అన్న మాట ఆ నిబంధనలోనే ఉంది, గమనించండి. ప్రభుత్వ వైద్యుడైనా, ప్రైవేటు వైద్యుడైనా, పోలీసు లాంఛనాల కోసం ఆగకుండా క్షతగాత్రునికి వెంటనే చికిత్స చేయాలని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు చెప్పింది.

134ఎ సెక్షన్ రోడ్డు ప్రమాదాలకే వర్తిస్తుంది. మరి మంటల సంగతేమిటి? పెద్ద హానిని నివారించటానికి, దురుద్దేశం లేకుండా, సద్భావంతో చిన్న నష్టం కలిగించటం నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 19వ సెక్షన్ చెబుతున్నది. పాత శిక్షాస్మృతిలో అది 81వ సెక్షన్. అందుకు ఆ చట్టమే ఇచ్చిన ఉదాహరణ ఏమిటో తెలుసా? మంటలు వ్యాపించకుండా ఆపటానికి ఇళ్ళను పడగొట్టిన మనిషి! అంటే ప్రాణం కాపాడటానికి తాళం పగులగొట్టిన చేతికి చట్టం ఎప్పటి నుంచో అండగానే ఉంది. అయినా జాగ్రత్తలు తీసుకుందాం. ఇద్దరికి తక్కువ కాకుండా వెళదాం. గుర్తింపు కార్డు మెడలో ఉంచుదాం. సభ్యుల జాబితాను పోలీసు స్టేషన్‌లో, అగ్నిమాపక కేంద్రంలో ముందే ఇద్దాం. ఏ ఇంట్లో ఎన్ని గంటలకు ప్రవేశించామో, ఏది పగులగొట్టామో అదే రోజు పుస్తకంలో రాద్దాం.

మరొక హెచ్చరిక. శ్వాస పరికరం లేకుండా పొగలోకి వెళ్ళటం ధైర్యం కాదు, మరో శవాన్ని చేర్చటం. మన పని ముందుగా 101కి లేదా 112కు ఫోను చేయటం, కరెంటు తీయించటం, జనాన్ని బయటికి పంపటం, దారి ఖాళీ చేయించటం, ఆరంభ దశలో ఉన్న మంటను ఆర్పటం, గాయపడినవారికి ప్రథమ చికిత్స చేసి 108కి అప్పగించటం. మిగిలినది శిక్షణ పొందిన సిబ్బంది పని.

ఈ సందర్భంగా పురపాలక సంఘానికి మన విన్నపం కూడా ఉంది. అగ్నిమాపక సేవలు స్థానిక సంస్థలకు అప్పగించదగిన విధుల్లో ఒకటని 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన 12వ షెడ్యూలులో ఉంది. పాత పేటల్లో బండి చేరగల ప్రతి కూడలి వద్దా నీటి కనెక్షన్ ఏర్పాటు చేయండి. ఇంటి ముందుకు వేలాడే కరెంటు తీగలు సరిచేయించండి. బృంద సభ్యులకు ప్రమాద బీమా కల్పించండి. అగ్నిమాపక కేంద్రంలో ఖాళీలు నింపమని మాతో కలిసి అడగండి. మా బృందం ఉందన్న నెపంతో ఒక్క ఉద్యోగం తగ్గినా మేము ఒప్పుకోము. అలాగే మనవైపు చూసుకుందాం. సందులోకి అరుగు జరిపినది మనమే. మెట్ల కింద మోటారు సైకిళ్ళు పెట్టినది మనమే. నానీ ఇంటికి మా బండి చేరకుండా ఆపినది ఏ ప్రభుత్వమూ కాదు, ఒక అరుగు, రెండు తోపుడు బండ్లు.

2025 మే 18 ఆదివారం ఉదయం హైదరాబాదు చార్మినార్ చెంత గుల్జార్ హౌజ్‌లో జరిగిన ఘోరం మీకందరికీ తెలుసు. కింద దుకాణాలు, పైన ఇల్లు, రాకపోకలకు ఒకే ఇరుకు దారి. 17 మంది చనిపోయారు, వారిలో ఎనిమిది మంది చిన్నారులు. తరతరాలుగా పాతబస్తీలో స్థిరపడిన హిందూ వ్యాపార కుటుంబం వారిది. ఆ వేళకు అక్కడున్న ముస్లిం యువకులు, గాజులమ్ముకునే పిల్లలు, షట్టరు పగులగొట్టి, గోడకు కన్నం వేసి లోపలికి చొచ్చుకుపోయారు. లోపల పిల్లలను ఆ స్థితిలో చూశారు. వారి హృదయానికి వందనం. అయితే ఒక అగ్నిమాపక ఉద్యోగిగా నా మనసు మరొకటి కూడా అడుగుతుంది. ఆ భవనానికి రెండో దారి ఉంటే? పొగను పసిగట్టి మోగే చిన్న పరికరం ఉంటే? కరుణ ఒక్కటే చాలి ఉంటే ఆ పిల్లలు బతికి ఉండేవారు. కరుణకు సన్నద్ధత తోడు కావాలి.

కోవిడ్ రోజుల్లో అయినవాళ్ళే దగ్గరకు రాని మృతదేహాలకు, ఏ మతంవారైనా వారి ఆచారం ప్రకారం అంత్యక్రియలు చేసిన ముస్లిం యువకులు మన తెలుగు పట్టణాల్లో ఎందరో ఉన్నారు. ఆ చేతులు ఈ సభలోనూ ఉన్నాయి. చనిపోయినవారిని గౌరవంగా సాగనంపిన ఆ చేతులను, బతికి ఉన్నవారిని కాపాడటానికి కూడా సిద్ధం చేయమని నేను అడుగుతున్నాను. రంజాన్ రాత్రుల్లో హలీం బట్టీల వద్ద, వినాయక చవితి పందిళ్ళలోని జనరేటర్ల వద్ద, క్రిస్మస్ దీపాల తీగల వద్ద ఒకే ఇసుక బకెట్, ఒకే బృందం ఉండాలి. నిప్పుకు చిరునామా చదవటం రాదు.

సోదర సోదరీమణులారా! ఇంటికి వెళ్ళాక ఈ రాత్రే మూడు పనులు చేయండి. ఒకటి, మీ ఇంటి మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఇంట్లో చిన్నపిల్లతో సహా అందరికీ చూపించండి. రెండు, గడప నుంచి వీధి దాకా దారికి అడ్డున్నది ఒక్కటి తొలగించండి. మూడు, మీ ట్రంకు పెట్టె తెరిచి కాగితాలన్నీ ఒక సంచిలో పెట్టుకుని వచ్చే శుక్రవారం సాయంత్రం మా బల్ల వద్దకు రండి.

అప్పటి ఆ ఇద్దరు మనవల్లో పెద్దవాడు పెరిగి పెద్దవాడై నాకు ఒకసారి బజారులో ఎదురుపడ్డాడు. నానీ కాపాడిన సర్టిఫికెట్లతోనే చదువుకున్నానని చెప్పాడు. ఒక్క క్షణం ఆగి, “ఆ కాగితాలు పోయినా ఫర్వాలేదు, ఆమె ఉంటే బాగుండేది మామా” అన్నాడు. ఆ మాట మరే బిడ్డా అనవలసిన అవసరం రాకూడదు. దానికోసమే ఈ బృందం. రండి, చేరండి. వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం ఏడు గంటలకు సాధన ఉంది.

సెలవు.